రాయగడలో పేదల మధ్య పరిచర్య ఎలా మొదలుపెట్టాలి?

వందనాలు తమ్ముడూ.

నువ్వు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీది ఒడిశాలోని రాయగడ. మీ తెలుగు సంఘంలో యౌవనస్థులు పదిమంది దాకా ఉన్నారు. ఏటా క్రిస్మస్‌కి చుట్టుపక్కల పేటల్లో దుప్పట్లు, కేకు పంచుతున్నారు. ఈ ఏడు నుంచి పేదలకు ఏడాది పొడవునా ఏదైనా చేయాలని ఉంది. చేతిలో డబ్బు లేదు. పైగా మతం మార్చడానికి తిరుగుతున్నారని అంటారేమోనని సంఘపెద్దలు వెనకాడుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి అన్నావు.

నేను ఇదే జిల్లాలో, గుణుపురం వైపు నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉన్నప్పుడూ, ఆ తర్వాతా మా స్త్రీల సమాజంతో కలిసి ఈ పనిలోనే ఉన్నాను. మన ఊళ్ళల్లో ఏది నిలుస్తుందో, ఏది నిలవదో చూశాను కాబట్టి అది రాస్తాను. కొంచెం పెద్దదవుతుంది, ఓపిగ్గా చదువు.

సూటిగా చెప్పాలంటే, పంచడం తగ్గించి తోడు వెళ్ళడం మొదలుపెట్టండి. మన సరిహద్దు ఊళ్ళల్లో పేదవాళ్ళకు అన్నిటికంటే కరువైంది వెంట వచ్చే మనిషి. తెలుగు తప్ప మరో మాట రాని ముసలావిడ ఒక్కతే ఆఫీసుకి వెళ్తే ఏమవుతుందో నీకు తెలియంది కాదు. ఫారం ఒడియాలో ఉంటుంది. కౌంటర్లో ఉన్నాయన ఒడియాలో అడుగుతాడు, ఈవిడ తెలుగులో చెబుతుంది. వెనక లైను పెరుగుతుంటుంది. రేపు రమ్మంటారు. అలా రెండు మూడుసార్లు తిరిగాక ఇక వెళ్ళడం మానేస్తుంది. తనకు రావలసిన పెన్షనో, మందులో, బియ్యమో అలా ఆగిపోతాయి. మీరు పదిమందీ ఇక్కడే పుట్టి ఒడియా బడుల్లో చదివినవాళ్ళు. ఇంట్లో తెలుగు, బయట ఒడియా. రెండూ చదవగలరు, రాయగలరు, ఆఫీసులో భయపడకుండా మాట్లాడగలరు. డబ్బు లేదని దిగులుపడుతున్నావు గానీ, ఆ పేటల్లో వాళ్ళకు ఎక్కువ అవసరమైంది మీ దగ్గర ఇప్పటికే ఉంది.

అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం మీ పెద్దలతో కూర్చుని ఒకసారి చదవండి. యెరూషలేములో తొలి సంఘం రోజూ విధవరాండ్రకు భోజనం పెట్టేది. అందులో గ్రీకు మాట్లాడే విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని సణుగు పుట్టింది. అపొస్తలులు ఆ మాట కొట్టిపారెయ్యలేదు. ఆ పని కోసమే మంచి పేరున్న ఏడుగురిని ఏర్పరచారు. భాష రానివాళ్ళు వరసలో వెనకబడిపోతారన్న సంగతి అప్పుడే ఉంది. మన పేటల్లోనూ అంతే. తెలుగు, ఒడియా మాట్లాడేవాళ్ళ పక్కనే కువీ, సవర లాంటి గిరిజన భాషలు మాట్లాడేవాళ్ళు కూడా ఉన్నారని మర్చిపోకండి. తెలుగు సంఘం కదా అని తెలుగువాళ్ళ ఇళ్ళకే వెళ్తే అదే తప్పు మనమూ చేసినట్టు.

మొదటి నెల చేతిలో ఏమీ లేకుండా తిరగండి. ఇది కష్టంగా ఉంటుంది, ఉత్త చేతులతో వెళ్ళడానికి మనకు మొహమాటం. కానీ సంచితో వెళితే సంచి చుట్టూ జనం పోగవుతారు, ఎవరి ఇంట్లో ఏముందో మనకు తెలియదు. పంపిణీ లైనులో నిలబడేది కాళ్ళు ఆడేవాళ్ళే. మంచం పట్టినవాళ్ళు, క్షయ ఉందని బయటికి చెప్పుకోనివాళ్ళు, మతి చెదిరిన కూతుర్ని లోపల పెట్టుకున్న తల్లి, కొడుకు సూరత్‌లోనో హైదరాబాద్‌లోనో ఉండి ఫోను చెయ్యడం మానేసిన ముసలి దంపతులు, వీళ్ళెవరూ ఆ లైనులో కనబడరు. మా కుర్రాళ్ళని ఒక మామ్మ అడిగింది, "ఏటి బాబూ, మళ్ళీ డిసెంబరుకేనా మీ రాక?" అని. ఆవిడ నిష్ఠూరంగా అనలేదు, తెలుసుకుందామనే అడిగింది. ఆ మాట విన్నాకే మేము నెలకు రెండుసార్లు వెళ్ళడం పెట్టుకున్నాం.

ఎవరిల్లు ఏమిటో ఆశా దీదీకి, అంగన్‌వాడీ దీదీకి మీకంటే బాగా తెలుసు. రేషన్ డీలరుకీ, సందు మొదట్లో టీ హోటల్ ఆయనకీ తెలుసు. వాళ్ళని అడగండి. ఆరేడు ఇళ్ళు మాత్రం ఎంచుకోండి. నలభై ఇళ్ళు రాసుకుని ఏ ఒక్క ఇంటికీ సరిగా వెళ్ళలేకపోయిన సంఘాలను చూశాను. ఇద్దరిద్దరుగా వెళ్ళండి, ఆడవాళ్ళు మాత్రమే ఉన్న ఇంటికి మీలో ఒక చెల్లెలు తప్పకుండా ఉండాలి. ఒక నోటుబుక్కు పెట్టుకుని ఏ తేదీన ఎవరు వెళ్ళారు, ఏం అడిగారు, మీరు ఏం చేస్తామన్నారు అన్నది రాయండి. "వచ్చేస్తుంది, మేం చూసుకుంటాం" అని ఎప్పుడూ అనొద్దు. "కనుక్కుని ఫలానా రోజు వచ్చి చెప్తాం" అనండి. ఆ రోజు తప్పకుండా వెళ్ళండి, జవాబు దొరక్కపోయినా సరే.

పని ఎలా ఉంటుందో తెలియడానికి ఒక ఇంటి సంగతి చెబుతాను. ఆవిడ మా బస్టాండు దగ్గర చోడి అంబలి, పునుగులు అమ్ముకునేది. భర్త లారీ మీద పనికి వెళ్ళేవాడు, జబ్బు ముదిరి విశాఖపట్నంలో ఆస్పత్రిలో పోయాడు. శవాన్ని తెచ్చుకున్నారు, కర్మలు చేసుకున్నారు, కాగితాల సంగతి ఆ దుఃఖంలో ఎవరికీ తట్టలేదు. తర్వాత వితంతు పెన్షన్‌కి వెళితే మరణ ధ్రువపత్రం తెమ్మన్నారు. ఇక్కడ అడిగితే మా దగ్గర ఉండదన్నారు. వాళ్ళు అన్నది నిజమే. చావు ఏ ఊళ్ళో జరిగితే ఆ ఊళ్ళోనే నమోదవుతుంది, 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం దేశమంతటా అదే చెబుతుంది. కానీ ఆ ముక్క ఆవిడకు అర్థమయ్యేలా తెలుగులో చెప్పినవాళ్ళు లేరు. ఏడాది పైగా ఆవిడ ఇక్కడి ఆఫీసు చుట్టూనే తిరిగింది.

మా సంఘంలో ఒక కుర్రాడు, ఆవిడ కొడుకు వయసువాడు, ఆవిణ్ణి వెంటబెట్టుకుని విశాఖ వెళ్ళాడు. ఆస్పత్రిలో ఇచ్చిన చీటీ ఒకటి ఇంట్లో బియ్యం డబ్బా అడుగున దొరికింది, దాని మీద తేదీ ఉంది కాబట్టి పని అయింది. సర్టిఫికెట్ చేతికొచ్చాక రెండో చిక్కు, పేరు. మన తెలుగువాళ్ళకు ఇంటిపేరు ముందుంటుంది, ఇక్కడి ఫారాల్లో చివర రాస్తారు. ఆయన ఆధార్‌లో ఇంటిపేరుకి ఒక్క పొడి అక్షరమే ఉంది. రేషన్ కార్డులో ఇంటిపేరే లేదు. విశాఖ సర్టిఫికెట్‌లో మొత్తం ఉంది. మూడు కాగితాల్లో ఉన్నదీ ఒక్క మనిషేనని నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించి పెట్టాల్సి వచ్చింది. సరిహద్దు జిల్లాల్లో తెలుగు కుటుంబాల కాగితాలు ఎక్కువగా ఆగేది ఇక్కడే. అందుకని ఏ ఇంటికి వెళ్ళినా ముందు ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు మూడూ పక్కపక్కన పెట్టి పేరు ఎలా ఉందో చూడండి. తేడా ఉంటే అవసరం ముంచుకొచ్చే ముందే సరిచేయించండి.

ఆవిడకు చివరికి పెన్షన్ వచ్చింది. ఒడిశా ప్రభుత్వం ఇచ్చే మధుబాబు పెన్షన్ యోజనలో వితంతువుకి వయసు పట్టింపు లేదు. 60 దాటినవాళ్ళకీ, వికలాంగులకీ, కుష్ఠు వల్ల అంగవైకల్యం వచ్చినవాళ్ళకీ అదే పథకంలో వస్తుంది. 2025 నుంచి 80 ఏళ్ళు దాటినవాళ్ళకీ, 80 శాతం పైన వైకల్యం ఉన్నవాళ్ళకీ 3,500 రూపాయలు ఇస్తున్నారు. ఇంకొకటి చాలామందికి తెలియనిది, జాతీయ కుటుంబ సహాయ పథకం. పేద కుటుంబంలో సంపాదించే మనిషి 18 నుంచి 59 ఏళ్ళ లోపు పోతే ఒక్కసారిగా 20,000 రూపాయలు ఇస్తారు. ఏదైనా ఇంట్లో చావు జరిగితే పరామర్శకు వెళ్ళినప్పుడే, అదును చూసుకుని, మరణం నమోదు చేయించారా అని అడగండి. 21 రోజుల లోపు అయితే సులువుగా అయిపోతుంది.

ఆవిడ మా సంఘానికి రాదు. మేమూ రమ్మని అడగలేదు. ఇప్పటికీ చైత్రంలో మీ రాయగడ మజ్జిగౌరమ్మ దగ్గరికి వెళ్ళి వస్తుంది, వచ్చాక మాకు ప్రసాదం గురించి, రద్దీ గురించి కబుర్లు చెబుతుంది. మా కుర్రాళ్ళలో ఒకడికి మొదట్లో ఇది మింగుడుపడలేదు. ఇంత తిరిగాం కదా, ఒక్క ఆదివారమైనా రాదా అన్నాడు. నేను వాడికి మంచి సమరయుడి సంగతి గుర్తుచేశాను. దెబ్బలు తిని పడి ఉన్నవాణ్ణి పూటకూళ్ళ ఇంట్లో చేర్చి, డబ్బిచ్చి, మళ్ళీ వస్తానన్నాడు. నువ్వు మా గుడికి రా అని అడగలేదు. యేసు మెచ్చుకుని చూపించింది అతణ్ణే.

ఇక మీ పెద్దల భయం సంగతి. దాన్ని తేలిగ్గా తీసుకోకు. 1999 జనవరిలో కెందుఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో క్రైస్తవ మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నీ, ఆయన ఇద్దరు చిన్న కొడుకులనీ బండిలోనే తగలబెట్టారు. ఆయన బారిపదాలో కుష్ఠు రోగుల సేవలో ఉన్న మనిషి. 2008 ఆగస్టులో కంధమాల్ జిల్లా క్రైస్తవుల మీద దాడులతో మండింది. ఆ రోజుల్లో మీ పెద్దలు తమ పిల్లల్ని ఎక్కడ దాచుకోవాలా అని రాత్రులు మేలుకుని ఉన్నవాళ్ళు. వాళ్ళ జాగ్రత్తకు కారణం ఉంది. స్టెయిన్స్ గారి భార్య గ్లాడిస్ గారు ఆ తర్వాత కూడా ఆ కుష్ఠు రోగుల దగ్గరే చాలాకాలం ఉండిపోయారు, చంపినవాళ్ళను క్షమించానన్నారు. 2005లో ఆవిడకు పద్మశ్రీ ఇచ్చారు. పెద్దలతో మాట్లాడేటప్పుడు ఈ రెండు సంగతులూ కలిపి మాట్లాడు.

చట్టం ఏం చెబుతుందో స్పష్టంగా తెలుసుకోండి. ఒడిశా మత స్వేచ్ఛ చట్టం 1967 నాటిది, దేశంలో ఇలాంటి చట్టాల్లో మొదటి వాటిలో ఒకటి. బలవంతం, ప్రలోభం, మోసం, ఈ మూడింటిలో దేనితోనైనా మతం మార్చడం నేరం. ఏడాది వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ మనిషి మైనరైనా, స్త్రీ అయినా, ఎస్సీ, ఎస్టీ వాళ్ళయినా శిక్ష రెండేళ్ళ వరకు, జరిమానా 10,000 వరకు వెళుతుంది. 1972లో ఒడిశా హైకోర్టు ఈ చట్టం చెల్లదంది. 1977లో సుప్రీంకోర్టు చెల్లుతుందంది. మత ప్రచారం చేసుకునే హక్కు ఉంది గానీ ఇంకొకర్ని మార్చే హక్కు అందులో లేదని తేల్చింది. ప్రలోభం అంటే డబ్బే కానక్కర్లేదు, వస్తువు ఇవ్వడం కూడా దాని కిందికి వస్తుంది. ఎవరైనా నిజంగా తమంతట తాము బాప్తిస్మం తీసుకోవాలనుకుంటే దానికి పద్ధతి ఉంది. ఆ మనిషి ముందుగా మేజిస్ట్రేట్ దగ్గర ప్రకటన ఇవ్వాలి. పాస్టరు గారు 15 రోజుల ముందు జిల్లా మేజిస్ట్రేట్‌కు తెలియజేయాలి. అది మీ పని కాదు, పాస్టరు గారి పని. సాయం చేసే గుంపు ఆ విషయంలో తల దూర్చకూడదు.

దీని అర్థం దుప్పటి మడతలో కరపత్రం పెట్టొద్దు. బియ్యం ఇచ్చే ముందు కూర్చోబెట్టి ప్రసంగం చెప్పొద్దు. పోలీసులకు భయపడి కాదు నేను చెప్పేది, చట్టం లేకపోయినా అదే చెబుతాను. ఆకలితో ఉన్న మనిషి ప్రసంగం వింటే అది బియ్యం కోసం విన్నట్టే. ఆ మనిషికి కాదనే దారి మనం మిగల్చలేదు. అలా వచ్చిన విశ్వాసం ఆ మనిషిదీ కాదు, దేవుడికీ అక్కర్లేదు.

అలాగని మీరెవరో దాచొద్దు. ఏ సంఘం నుంచి వచ్చారో అడిగినవాళ్ళకు పేరుతో సహా చెప్పండి. దాచితే అనుమానం పెరుగుతుంది, పైగా అది అబద్ధమే. ఎందుకు వస్తున్నారని అడిగితే యేసు పేరు చెప్పడానికి సిగ్గుపడొద్దు. ప్రార్థన చెయ్యమని వాళ్ళే అడిగితే చెయ్యండి, రెండు నిమిషాలు, మామూలు గొంతుతో, పక్కింటివాళ్ళు ఉలిక్కిపడకుండా. అడగనప్పుడు మీ ఇంటికి వెళ్ళి చేసుకోండి. ఒక నర్సుగా గట్టిగా చెబుతున్నాను, ప్రార్థన చేశాం కదా మాత్రలు ఆపెయ్యమని మీలో ఎవరూ, మీ వెంట వచ్చిన ఏ బోధకుడూ అనకూడదు. అన్నవాణ్ణి మళ్ళీ ఆ ఇంటికి తీసుకెళ్ళకండి.

ఇంకో సంగతి మనవాళ్ళు పైకి మాట్లాడరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ కులానికి చెందిన మనిషి క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది. ఎస్టీలకు ఆ నియమం లేదు. కాబట్టి దళిత పేటలో ఒక ఇంటికి మీరు బైబిలు చేత్తో పట్టుకుని వారం వారం వెళితే, ఆ ఇంటి పిల్లాడి కుల ధ్రువపత్రం మీద ఎవరో ఒకరు అర్జీ పెట్టే ప్రమాదం ఉంది. నష్టం మీకు కాదు, వాళ్ళకు. వాళ్ళ గుమ్మం ముందు మనం ఎలా కనబడుతున్నామో ఆలోచించుకోవలసిన బాధ్యత మనదే.

మీ వార్డు కౌన్సిలరుకి ముందే వెళ్ళి చెప్పండి. పేటలో వినాయక చవితి పందిరి వేసే కుర్రాళ్ళు ఉంటారు కదా, వాళ్ళతో కలిసి రక్తదానం పెట్టండి. మన జిల్లాలో సికిల్ సెల్ అనే రక్త జబ్బు ఉన్న పిల్లలకు, రక్తం తక్కువైన గర్భిణులకు ఎండాకాలంలో రక్తం దొరక్క ఇంటివాళ్ళు పడే అవస్థ నేను వార్డులో కళ్ళారా చూశాను. మీ యౌవనస్థులు, ఆ పందిరి కుర్రాళ్ళు ఒకే బెంచీ మీద చెయ్యి చాపి కూర్చుంటే, ఆ తర్వాత మీ గురించి ఎవరైనా పుకారు లేపినా వాళ్ళే మీ తరఫున మాట్లాడతారు.

ఆరోగ్యం విషయంలో మీలాంటివాళ్ళు చేయగలిగింది చాలా ఉంది. క్షయ మందులు మామూలు రకానికి ఆరు నెలలు, ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. చాలామంది రెండో నెలలో ఆపేస్తారు, దగ్గు తగ్గింది కదా అని. కొందరు మొదటి వారంలోనే భయపడి ఆపేస్తారు. ఎందుకో తెలుసా? మందు మొదలుపెట్టగానే మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది. అది ఆ మందుల్లో ఉండే రిఫాంపిసిన్ రంగు, ప్రమాదం లేదు. రక్తం పడుతోందనుకుని మాత్రలు చూరులో దోపేసిన మనిషిని నేను ఎరుగుదును. ఈ ఒక్క ముక్క ముందే చెప్పి, వారానికోసారి మాత్రల అట్ట చూసి వస్తే ఒక ప్రాణం నిలబడుతుంది. కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా మాత్రం వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. రోగికి పోషణ కోసం ప్రభుత్వం 2024 నవంబరు నుంచి నెలకు 1,000 రూపాయలు బ్యాంకులో వేస్తోంది, అంతకుముందు 500 ఉండేది. ఖాతాకు ఆధార్ కలపక ఆ డబ్బు పడనివాళ్ళుంటారు, కనుక్కోండి. 2022లో మొదలైన నిక్షయ్ మిత్ర పథకంలో సంఘాలు కూడా పేరు నమోదు చేసుకుని రోగులకు నెలనెలా పప్పు, నూనె, గుడ్లు లాంటి పోషకాహారం ఇవ్వొచ్చు. మీ సంఘం పేరుతో నమోదు చేసుకుంటే సాయం ప్రభుత్వ లెక్కలో ఉంటుంది, ఎవరూ వేలెత్తి చూపలేరు. మీ పెద్దలకు ఇది తప్పక నచ్చుతుంది.

కుష్ఠు నయమైపోయినా పాదాల్లో స్పర్శ తిరిగి రానివాళ్ళు మన పేటల్లో ఇంకా ఉన్నారు. ముల్లు గుచ్చుకున్నా, నిప్పు తగిలినా తెలియదు, పుండు పడుతుంది. వాళ్ళకు కావలసింది ఖరీదైన మందు కాదు, రోజూ పాదాలు చూసుకునే అలవాటు. టబ్బులో మామూలు నీళ్ళు పోసి ఇరవై నిమిషాలు కాళ్ళు నానబెట్టాలి. మందంగా పేరుకున్న చర్మాన్ని గరుకు రాయితో నెమ్మదిగా రుద్దాలి, పుండు ఉన్నచోట రుద్దకూడదు. తడి పూర్తిగా ఆరకముందే నూనె రాయాలి. వేళ్ళ సందుల్లో, మడమ మీద పగుళ్ళు ఉన్నాయేమో చూడాలి. వాళ్ళకు తెలియదు కాబట్టి చూసేవాళ్ళు కావాలి. మీలో ఇద్దరు నేర్చుకోండి. పక్కన కూర్చుని మీ చేత్తో ఆ పాదం పట్టుకున్నప్పుడు వాళ్ళ మొహం చూడు. చాలా ఏళ్ళుగా ఎవరూ ముట్టుకోని మనుషులు వాళ్ళు. మెత్తటి ఎంసీఆర్ చెప్పులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, అడిగి తెచ్చిపెట్టండి. మన సరిహద్దు అవతల సాలూరులో కుష్ఠు ఆస్పత్రి ఉంది, ముదిరిన పుండ్లకు అక్కడికి తీసుకెళ్ళొచ్చు.

మన జిల్లాకు ఈ పని కొత్తది కాదు. 1882లో జర్మనీ బ్రెక్లుం నుంచి మొదటి లూథరన్ మిషనరీలు మన జయపురం ప్రాంతం కోసం వచ్చారు. 1954లో డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టరు లిస్ మాడ్సెన్ గారు బిస్సంకటక్‌లో ఆస్పత్రి పెట్టారు. అది ఈనాటికీ నడుస్తోంది, కొండల మీది నుంచి జ్వరంతో మోసుకొచ్చినవాళ్ళను ఏ దేవుణ్ణి మొక్కుతావని అడక్కుండా చేర్చుకుంటోంది. వీలైతే మీ పదిమందీ ఒకరోజు వెళ్ళి చూసి రండి, రాయగడ నుంచి రైలుంది.

పిల్లల విషయంలో గీత గీసినట్టు ఉండండి. సాయంత్రం చదువు చెప్పండి, ఒడియా లెక్కలు, తెలుగు చదవడం రెండూ. ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండాలి, తలుపులు తీసి ఉండాలి. మీ పేట పిల్లల్ని ఎక్కడో దూరంలో ఉచిత హాస్టల్లో చేర్పిస్తామని ఎవరు వచ్చినా, మన సంఘాల పేరు చెప్పుకుని వచ్చినా, ఒప్పుకోకండి. నిరుపేద పిల్లల్ని పెట్టుకునే ఏ ఇల్లయినా 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద నమోదై ఉండాలి. పిల్లలపై అఘాయిత్యం అనుమానం వస్తే మనలో మనం సర్దుకోవడం కాదు, పోలీసులకు చెప్పి తీరాలి, పోక్సో చట్టం అలా అంటుంది. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చెయ్యొచ్చు.

డబ్బు గురించి. పిడికెడు బియ్యంతో మొదలుపెట్టండి. అన్నం వండే ముందు ఒక పిడికెడు పక్కన తీసి, ఆదివారం తెచ్చి డబ్బాలో పోయడం. మిజోరాం సంఘాలు 1910 నుంచి ఇలాగే చేసి ఎంతోమందిని పోషిస్తున్నాయి. మా స్త్రీల సమాజంలో కూలికి వెళ్ళే అమ్మలు కూడా ఇస్తారు, ఇవ్వగలిగామన్న తృప్తి వాళ్ళ మొహంలో కనబడుతుంది. నగదు చందాకు రసీదు, ఖర్చుకు ఇద్దరి సంతకాలు, నెలకోసారి లెక్క సంఘంలో చదవడం. అప్పులివ్వొద్దు, ఇస్తే వాళ్ళు మిమ్మల్ని చూసి తప్పించుకుని తిరుగుతారు, ఇల్లు చేజారిపోతుంది. విదేశాల నుంచి ఎవరైనా పంపుతామంటే వద్దనండి, 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం కింద నమోదు లేకుండా సంఘం ఆ డబ్బు తీసుకోకూడదు. దుప్పట్లు మానక్కర్లేదు, కానీ చలి నవంబరులోనే మొదలవుతుంది కాబట్టి అప్పుడే, మీరెరిగిన ఇళ్ళకే, ఫోటో లేకుండా ఇచ్చి రండి. సాయం అందుకుంటున్న మనిషి ఫోటో స్టేటస్‌లో పెట్టుకోవడం నాకు అస్సలు నచ్చదు. ఆవిడ మనవరాలి పెళ్ళిసంబంధం వాళ్ళు కూడా ఆ ఫోటో చూస్తారు.

ఒక హెచ్చరిక. సరిహద్దు అవతల ఆంధ్రాలో 2024 నుంచి వృద్ధులకు నెలకు 4,000 రూపాయల పెన్షన్ ఇంటికి తెచ్చిస్తున్నారు. ఇక్కడ చాలామందికి వచ్చేది అందులో నాలుగో వంతు. బంధువుల ఊరి చిరునామాతో అక్కడ రాయించమని మిమ్మల్ని బతిమాలతారు. పాపం వాళ్ళ బాధ నిజమే, ఏడ్చి అడిగినప్పుడు కాదనడం కష్టం. అయినా దొంగ చిరునామాకు సాయం చెయ్యకండి. బయటపడితే రెండు చోట్లా పోతుంది, మీ మాట కూడా ఏ ఆఫీసులోనూ చెల్లదు.

ముసలివాళ్ళ వేలిముద్రలు రేషన్ మిషన్‌లో పడక బియ్యం ఆగిపోయే సంగతి ఒకటి మిగిలింది. కూలి చేసి చేసి వేళ్ళ గీతలు అరిగిపోతాయి. కంటిపాపతో తీసే మిషన్ ఉందేమో డీలరును అడగండి. బియ్యం ఇచ్చే రోజు మీలో ఒకరు పక్కన నిలబడితే చాలు, డీలరు ఓపిగ్గా రెండోసారి ప్రయత్నిస్తాడు.

పెద్దలతో కూర్చునేటప్పుడు ఈ సమాధానం వాళ్ళకు చూపించు. వాళ్ళకు ఇంకా సందేహాలుంటే నేరుగా నన్నే ఇక్కడ అడగమను. వితంతు పెన్షన్, కుటుంబ సహాయం ఒడియా ఫారాలు, ఎలా నింపాలో తెలుగులో పక్కన రాసినవి నా దగ్గర ఉన్నాయి. పేర్లు, ఆధార్ నంబర్లు చెరిపేసి ఈ వారంలో ఫోటోలు తీసి పెడతాను. పేరు తేడాకు రాయించిన అఫిడవిట్ నమూనా కూడా వాటితోనే పెడతాను, దాన్ని మీ ఊరి నోటరీకి ఒకసారి చూపించుకుని వాడండి.